పిల్లల్ని పంపకండి, వెంట వెళ్లండి

ఈ కథనం మీ చేతిలో ఉన్న ఆదివారం పొద్దున, మీ ఊరి గ్రంథాలయం తలుపులు తెరిచే ఉండి ఉంటాయి. జిల్లా గ్రంథాలయ సంస్థల కింద నడిచే కేంద్ర, శాఖా గ్రంథాలయాల్లో చాలావాటికి వారపు సెలవు శుక్రవారం. పొద్దున కొన్ని గంటలు, మళ్లీ సాయంత్రం కొన్ని గంటలు పనిచేసేవే ఎక్కువ. ఉద్యోగానికీ బడికీ సెలవున్న రోజున మన కోసం తెరిచి ఉండే ప్రభుత్వ గుమ్మాలు అరుదు. ఆ గుమ్మం ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడం మాత్రం ఇంకా అరుదైపోయింది.

లోపల ఎవరుంటారు? పత్రికల బల్ల చుట్టూ విశ్రాంత ఉద్యోగులు, దుకాణం తెరవబోయే ముందు నాలుగు వార్తలు చూసిపోదామని వచ్చినవారు. వెనక గదిలో గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకీ తయారవుతున్న యువతీయువకులు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం సంగతి పేపరు చదివే వాళ్లందరికీ తెలుసు. నోటిఫికేషన్ పడిందంటే అక్కడ కుర్చీ దొరకడం కష్టం. అద్దె గదిలో నలుగురైదుగురు సర్దుకునే కుర్రాడికి వెలుతురు, ఫ్యాను, నిశ్శబ్దం ఉన్న చోటు ఉచితంగా దొరకడం చిన్న విషయం కాదు. వాళ్లకి చోటివ్వడం గ్రంథాలయాలు చేస్తున్న గొప్ప మేలు. అయితే వాళ్లు చదివేది ఎక్కువగా వెంట తెచ్చుకున్న పరీక్షల పుస్తకాలే. బీరువాల్లోని కథలు, నవలలు, యాత్రాచరిత్రలు, జీవిత చరిత్రలు, పిల్లల బొమ్మల పుస్తకాలు తీసే చేతులు వేరే కావాలి. ఆ చేతులు కుటుంబాలవి.

‘మావాడు పుస్తకం పట్టడండీ, ఎప్పుడు చూసినా ఫోనే’ అనే మాట ఇప్పుడు వినని ఇల్లు లేదు. దానికి పెద్దలకు తోచే విరుగుడు ఒకటే. పుస్తకం కొనిచ్చి చదవమంటారు, లేదా వేసవి సెలవుల్లో లైబ్రరీకి పంపుతారు. చిక్కంతా ఆ పంపడంలోనే ఉంది. ట్యూషన్‌కి పంపుతాం, కోచింగ్‌కి పంపుతాం. పంపిన చోటల్లా పిల్లల లెక్కలో పనికిందే జమ. అమ్మానాన్నలు తామూ ముస్తాబై బయల్దేరే చోటు ఏదైనా, అది జాతర కానీ పెళ్లి కానీ సినిమా కానీ, వాళ్లకి పండగే. గ్రంథాలయాన్ని మొదటి కోవలోంచి రెండో కోవలోకి మార్చగలిగింది తల్లిదండ్రులు మాత్రమే. అందుకు వాళ్లు చేయాల్సింది ఉపన్యాసం కాదు, చెప్పులేసుకుని ముందు నడవడం.

ఎవరి బీరువా వాళ్లది

మామూలుగా మనం నలుగురం కలిసి వెళ్లే చోట్ల నలుగురం ఒకటే చేస్తాం. ఒకే సినిమా చూస్తాం, ఒకే హోటల్లో తింటాం. నాన్నకి నచ్చిన సినిమా అమ్మకి నచ్చదు, తాతయ్యకి అసలు పట్టదు. గ్రంథాలయంలో ఆ గొడవ లేదు. తాతయ్య పత్రికల బల్ల దగ్గరికి వెళ్తాడు. అమ్మ నవలల వైపు, నాన్న చరిత్ర వైపు, పాప బొమ్మల పుస్తకాల వైపు పోతారు. అరగంట తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకం చంకన పెట్టుకుని లైబ్రేరియన్ బల్ల దగ్గర కలుస్తారు. ‘నువ్వేం తీశావు?’ అని ఒకరినొకరు అడుగుతారు. వయసులో అరవై ఏళ్ల తేడా ఉన్న ఇద్దరు మనుషులు సమానంగా ఈ ప్రశ్న వేసుకునే సందర్భం మన ఇళ్లలో ఇంకోటి నాకు కనిపించదు.

పిల్లలకు ఇక్కడ మొదట దొరికేది ఎంచుకునే హక్కు. బడి పుస్తకం ఎవరో ఎంచినది. పుట్టినరోజు కానుక ఎవరో కొన్నది. గ్రంథాలయంలో మాత్రం ఆరేళ్ల పిల్ల తనంతట తాను చెయ్యి చాచి ఒక పుస్తకం లాగుతుంది. అట్ట నచ్చింది కాబట్టి లాగుతుంది, ఏనుగు బొమ్మ ఉంది కాబట్టి లాగుతుంది. ‘అది నీ వయసుది కాదు, ఇది తీసుకో, జనరల్ నాలెడ్జి పెరుగుతుంది’ అని అక్కడ అడ్డుపడే పెద్దలు పిల్లల చదువుకి తెలియకుండానే చాలా నష్టం చేస్తారని నా నమ్మకం. తేలికది తీసుకుంటే తీసుకోనివ్వండి. చదివిందే మళ్లీ తీసుకున్నా ఫర్వాలేదు. ఒకే కథను పదిసార్లు చదివే పిల్లలకు ఆ కథలోని మాటలన్నీ సొంతమవుతాయి.

ఎంచుకునే హక్కుకి తోడుగా ఇంకోటుంది. నచ్చకపోతే వదిలేసే హక్కు. మూడు వందలు పోసి కొన్న పుస్తకాన్ని పిల్లాడు పది పేజీలు చదివి పక్కన పడేస్తే ఏ ఇంట్లోనైనా మాట పడుతుంది. డబ్బు పోసిన పుస్తకం చదవక తప్పని పుస్తకమవుతుంది. గ్రంథాలయం పుస్తకాన్ని వచ్చే వారం తిరిగిచ్చేస్తే సరిపోతుంది. ఎన్నో పుస్తకాలు తిరగేసి, కొన్ని వదిలేసి, ఒకదాని దగ్గర ఆగిపోవడంలోనే చదువరి తయారవుతాడు. ఆ తిరగేయడానికి కావలసినన్ని పుస్తకాలు కొనగల ఇళ్లు మన దగ్గర ఎన్నుంటాయి? గ్రంథాలయం ఆ తేడా చూడదు. కలెక్టరు గారి అబ్బాయికీ కాపలాదారు కూతురికీ అక్కడ ఒకటే బీరువా, ఒకటే గడువు.

ఆ గడువు కూడా ఒక పాఠమే. పుస్తకం వెనక అతికించిన కాగితం మీద తేదీ ముద్ర పడుతుంది. ఫలానా రోజుకి ఇది తిరిగి రావాలి, తన తర్వాత దీని కోసం ఇంకెవరో చూస్తుంటారు అని పిల్లకు తెలుస్తుంది. ఆ కాగితం మీదున్న పాత తేదీలు చూస్తే తనకన్నా ముందు దీన్ని ఎంతమంది చదివారో కూడా తెలుస్తుంది. అందరిదీ అయిన వస్తువును జాగ్రత్తగా వాడి తిరిగివ్వడం పౌరశాస్త్రం పాఠంలో చదివితే రాదు. పేజీ మడత పెట్టకూడదని, అన్నం తింటూ పట్టుకోకూడదని ఇంట్లో ఒకరికొకరు గుర్తుచేసుకుంటూ ఉంటే వస్తుంది.

పుస్తకాలున్న ఇంట్లో పెరగడం పిల్లల చదువుని ఎంత మారుస్తుందో తెలిపే పెద్ద అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. మరియా ఎవాన్స్ బృందం 27 దేశాల్లో 70 వేలకు పైగా మనుషుల వివరాలు పరిశీలించింది. అయిదు వందల పుస్తకాలున్న ఇంట్లో పెరిగినవారు, అసలు పుస్తకాలే లేని ఇళ్లలో పెరిగినవారి కన్నా సగటున మూడేళ్లు ఎక్కువ చదువుకున్నారని తేల్చింది. తల్లిదండ్రుల చదువు, ఉద్యోగం, హోదా వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. కొద్దిపాటి పుస్తకాలు చేరినా ఎక్కువ లాభం కనిపించింది, చదువు తక్కువ ఉన్న ఇళ్ల పిల్లల్లోనే. బీరువాలో పుస్తకాలు పేర్చినంత మాత్రాన ఇది జరగదు. పుస్తకాల గురించి మాట్లాడుకునే ఇల్లు, పెద్దలు చదువుతూ కనిపించే ఇల్లు కావాలి. అయిదు వందల పుస్తకాలు కొనడం, పెట్టుకోవడం రెండు గదుల ఇంటికి అయ్యే పని కాదు. నెలకి రెండుసార్లు నలుగురూ తలా ఒక పుస్తకం తెచ్చుకుంటే, అయిదారేళ్లలో ఆ ఇంట్లోంచి అన్ని పుస్తకాలూ ప్రవహించి ఉంటాయి.

ఊఁ కొట్టే కథ నుంచి అక్షరాల కథకి

ఇప్పుడు మన ఇళ్లలో ఒక వింత దూరం పెరుగుతోంది. ఇంగ్లిష్ మీడియంలో చదివే మనవడు తెలుగు గలగలా మాట్లాడతాడు కానీ, గుణింతాలు దాటి నాలుగు వాక్యాలు చదవాలంటే తడబడతాడు. అమ్మమ్మ తెలుగు చక్కగా చదువుతుంది, ఇంగ్లిష్ రాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆమె చదివింది అతనికి అందదు, అతను చదివేది ఆమెకు అందదు. ఈ దూరాన్ని బడి తగ్గించలేకపోతోంది. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే ఒక తెలుగు బొమ్మల పుస్తకం తగ్గించగలదు.

కథ చెప్పడం మనకి కొత్తేమీ కాదు. రాత్రి అన్నాలయ్యాక మంచం మీద చేరి పెద్దవాళ్లు కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టేవారు. ఊఁ ఆగిందంటే నిద్రపోయారని గుర్తు. కథ వింటున్నవాడు కూడా పాల్గొనాలని మనవాళ్లు ఎంత ముందే కనిపెట్టారో చూడండి. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇలాంటి పనినే పరీక్షించి చూశారు. బొమ్మల పుస్తకాన్ని గబగబా చదివి వినిపించకుండా, మధ్యలో ఆగి ‘ఇదేంటి? ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నావు? ఎందుకలా చేశాడు?’ అని అడుగుతూ పోతే, పిల్లలు చెప్పే వాక్యాలు పొడవవుతాయని, కొత్త మాటలు చేరతాయని తేలింది. ఇందుకు పెద్ద చదువులేమీ అక్కర్లేదు. అక్షరాలు కూడుకుని చదివే నాయనమ్మ కూడా బొమ్మ చూపించి ప్రశ్న అడగగలదు. పిల్లాడు తడబడితే ఆమె అందిస్తుంది, ఆమెకు కళ్లజోడు సరిగా ఆనకపోతే పిల్లాడు చదివి పెడతాడు.

ఈ జంట కోసమే అన్నట్టు మన పాత గ్రంథాలయాల్లో కొన్ని నిధులున్నాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే రేడియో అన్నయ్య, అక్కయ్య, 1945లో మొదలుపెట్టిన ‘బాల’. 1947 జులైలో మద్రాసులో పుట్టిన ‘చందమామ’. కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాల పాటు దాని సంపాదక బాధ్యతలు చూశారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ బేతాళ కథల బొమ్మలు చూస్తూ మూడు తరాలు పెరిగాయి. ‘చందమామ’ పాత సంచికలు కుట్టించి భద్రపరిచిన గ్రంథాలయాలు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మమ్మ తన చిన్నప్పుడు చదివిన కథను అదే బొమ్మతో మనవరాలికి చూపించగలదు. ఇది కాక నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో తెచ్చిన తెలుగు పుస్తకాలు, రష్యా నుంచి వచ్చిన తెలుగు అనువాదాలు, ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు బొమ్మలు వేసిన ‘బుడుగు’. ‘బుడుగు’ పిల్లల కోసమా పెద్దల కోసమా అని ఎవరూ తేల్చలేదు. పక్కపక్కన కూర్చుని చదివే ఇంటికి ఆ సందేహమే రాదు.

2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతమే. మిగతా పిల్లలంతా తెలివితక్కువ వాళ్లు కాదు. బడి గంటలు అయిపోయాక వాళ్ల చేతికి అక్షరం తగలడం లేదు. పాఠ్యపుస్తకం కాని పుస్తకం, తప్పు చదివినా మార్కులు పోని పుస్తకం వాళ్లకి కావాలి. తెలుగునాట ఊరూరా అలాంటి పుస్తకాలు పెట్టిన చోటు ఒకటే ఉంది.

అక్కాతమ్ముళ్ల చదువు

ఆ చోటు మనకి ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పాలంటే ఒక అక్కాతమ్ముళ్ల దగ్గర మొదలుపెట్టాలి. భండారు అచ్చమాంబకు చిన్నతనంలోనే పెళ్లయింది, బడి చదువు లేదు. తండ్రి పోయాక తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె దగ్గర ఉండి చదువుకున్నాడు. తమ్ముడి చదువు పక్కనే అక్క చదువూ సాగింది. ఆ అక్క తర్వాత దేశ చరిత్రలోని స్త్రీల జీవితాలను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా రాసింది. మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టింది. తమ్ముడు 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో ముఖ్యుడయ్యాడు. నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు ఆయనకు తోడు నిలిచారు. నిజాం పాలనలో తెలుగు పుస్తకానికి ఒక నీడ ఏర్పడింది. మూడేళ్లకి హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు కలిసి చదివితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇటు కోస్తాలో 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఊళ్ల గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. జీవితమంతా ఆ పనిలోనే గడిపారు, ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక నడిపారు, 1972లో పద్మశ్రీ అందుకున్నారు. పుస్తకం కోసం జనం రాకపోతే జనం దగ్గరికే పుస్తకం పోవాలన్న పట్టుదల ఆ తరానిది. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం 1935లో పడవ గ్రంథాలయం మొదలుపెట్టారు. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాలు ప్రయాణం చేశాయి. పడవలో కుటుంబాలు, మూటాముల్లె, వాటి మధ్య పుస్తకాలు! తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తాను ప్రచురించిన పుస్తకాలను మోసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. ఇళ్లలో వంటపని చేసి, హోటల్లో పనిచేసి బతికిన మనిషి ఆయన. నిజాం జైళ్లకు వెళ్లారు, ‘ప్రజల మనిషి’ నవల రాశారు. గ్రంథాలయానికి వెళ్లడాన్ని సెలవురోజు కాలక్షేపంగా చూసే ముందు, దీని కోసం ఇల్లిల్లూ తిరిగినవాళ్లున్నారని పిల్లలకు ఒక్కసారైనా చెప్పాలి.

చెప్పడం కన్నా చూపించడం మేలు. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. చేనేతకూ జీడిపప్పుకూ పేరుపడ్డ చిన్న ఊరు అది. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. 1929లో గాంధీజీ వచ్చారు. ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు. చీరాల బీచ్‌కి వెళ్లే కుటుంబాలు ఇంకో గంట సమయం పెట్టుకుంటే చాలు. రాజమహేంద్రవరం వెళ్తే గౌతమీ గ్రంథాలయం ఉంది. గోదావరి స్నానం, పుష్కరాల రేవు చూసి వెనక్కి తిరిగే పిల్లలకు తాటాకు గ్రంథం ఎలా ఉంటుందో అక్కడ చూపించవచ్చు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన సంస్థ అది. ఆ భవనం మెట్లు ఎక్కుతుంటేనే పుస్తకానికి ఒకప్పుడు ఎంత పెద్ద పీట వేశారో పిల్లలకు అర్థమవుతుంది.

ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ఉద్యమం చట్టమైంది. 1948లో మద్రాసు రాష్ట్రం, 1955లో హైదరాబాద్ రాష్ట్రం గ్రంథాలయ చట్టాలు చేశాయి. ఆ రెంటినీ కలుపుతూ 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ చట్టం కిందే నడుస్తున్నాయి. వాటికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఇల్లున్న ప్రతి కుటుంబం ఏటా ఈ సొమ్ము కడుతోంది. అద్దెకున్నవాళ్లు అద్దెలో కడుతున్నారు. అంటే గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోని కుటుంబం, చందా కట్టిన పత్రికను ఇంటికి తెచ్చుకోకుండా వదిలేస్తున్నట్టే.

ఆ సెస్సు పూర్తిగా గ్రంథాలయాలకు చేరుతోందా? పన్నుతో పాటు వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వినిపిస్తోంది. చాలా చోట్ల లైబ్రేరియన్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఒక్కరే రెండు మూడు గ్రంథాలయాలు చూసుకోవాల్సి వస్తోంది. కొత్త పుస్తకాలు రావు, మరుగుదొడ్డి ఉండదు, ఉంటే తాళం వేసి ఉంటుంది. తల్లులు పిల్లల్ని తీసుకుని రాకపోవడానికి ఈ చివరిది ఎంత పెద్ద కారణమో అధికారులకు అర్థం కావాలి. పిల్లల విభాగం అని బోర్డు ఉన్న చోట పెద్దల ఎత్తు బల్లలు వేస్తే అయిదేళ్ల పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? పుస్తకాల్ని గాజు తలుపుల వెనక తాళం వేసి ఉంచితే ఎలా ఎంచుకుంటుంది? నష్టమైన పుస్తకానికి లైబ్రేరియన్ జవాబు చెప్పుకోవాలన్న భయం తీరితేనే ఆ తాళాలు తెరుచుకుంటాయి. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమని పై అధికారులు ఒప్పుకోవాలి.

పక్క రాష్ట్రంలో ఏం చేశారో చూద్దాం. కర్ణాటకలో గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను 2019లో గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖ కిందికి తెచ్చారు. 2020లో ‘ఓదువ బెళకు’ పేరుతో ఊళ్లలో పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చే కార్యక్రమం చేపట్టారు. కరోనాతో బడులు మూతపడ్డ కాలం అది. పిల్లలు చదువుకి దూరమవుతున్నప్పుడు గ్రంథాలయం గుర్తుకు రావడమే ముఖ్యం. గ్రంథాలయ ఉద్యమానికి పుట్టినిల్లని చెప్పుకునే మనకు అది చేతకాని పనేమీ కాదు.

ఇన్ని లోపాలున్న చోటికి కుటుంబాన్ని ఎందుకు తీసుకెళ్లాలి అని అడిగేవారుంటారు. నిజానికి ఈ లోపాలు తగ్గాలన్నా వెళ్లాల్సిందే. ఏ గ్రంథాలయంలోనైనా వచ్చినవారు సంతకం చేసే రిజిస్టరు ఉంటుంది. పిల్లల పేర్లు లేని రిజిస్టరు చూపించి పిల్లల పుస్తకాలు కావాలని ఏ లైబ్రేరియన్ అడగగలడు? ఆడవాళ్లే రాని భవనానికి మరుగుదొడ్డి మంజూరు చేయించడం ఎంత కష్టం! కుటుంబాలు వరసగా రావడం మొదలైతే అడిగే నోళ్లు పెరుగుతాయి. పిల్లల మీద నేను ఎంత నమ్మకంతో ఈ మాటలు రాస్తున్నానో, మన ఊళ్ల లైబ్రేరియన్ల మీదా అంతే నమ్మకంతో రాస్తున్నాను. వాళ్లలో చాలామందికి పుస్తకం అడిగేవాళ్లు దొరకాలన్నదే కోరిక.

అమెరికా వెళ్లిన మన కుటుంబాలు ఈ విషయంలో ఎంత తేడాగా ఉంటాయో గమనించే ఉంటారు. అక్కడ ఇల్లు మారిన కొద్ది రోజులకే లైబ్రరీ కార్డు తీసుకుంటారు. పసిపిల్లల్ని కథల గంటకి తీసుకెళ్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. ఇక్కణ్నుంచి మనవల్ని చూడ్డానికి వెళ్లిన తాతయ్యలు, నాయనమ్మలు కూడా పొద్దుపోక ఆ లైబ్రరీలకే వెళ్తారు. తిరిగొచ్చాక ఇక్కడి గ్రంథాలయానికి వెళ్లరు. అక్కడి సౌకర్యాలు ఇక్కడ లేవన్నది నిజం. కానీ కథల గంటకి కావలసింది ఒక పుస్తకం, చదివే ఒక పెద్దమనిషి, ఎదురుగా కూర్చున్న పిల్లలు. విశ్రాంత ఉపాధ్యాయులు లేని ఊరు తెలుగునాట ఉందా? లైబ్రేరియన్‌ని అడిగి ఆదివారం సాయంత్రం ఒక గంట కథ చెప్పడానికి అలాంటివారిలో ఒక్కరు ముందుకొస్తే చాలు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, వక్తృత్వం పోటీలు పెట్టి బహుమతులిచ్చి పంపేస్తున్నారు. ఆ ఏడు రోజులూ పిల్లల్ని తల్లిదండ్రులతో సహా రమ్మని పిలిచి సభ్యత్వాలు రాయిస్తే ఆ వారం ఫలితం ఏడాదంతా ఉంటుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి

సభ్యత్వానికి సాధారణంగా అడిగేవి ఆధార్ నకలు, ఫొటో, తిరిగి ఇచ్చే కొద్దిపాటి డిపాజిట్టు. చోటును బట్టి నిబంధనలు మారతాయి కాబట్టి మొదటి రోజున కనుక్కోండి. అక్కడే కూర్చుని చదువుకోవడానికి సభ్యత్వం అక్కర్లేదు. మొదటి రోజు పిల్లలతో అరగంట చాలు. విసుగు రాకముందే లేచి రావాలి. పుస్తకాలు అంకెల వరసలో ఉంటే, ఆ అంకెల అర్థం లైబ్రేరియన్‌ని పిల్లల చేతే అడిగించండి. డ్యూయీ దశాంశ పద్ధతిలో అయిదు వందల వరస సైన్సుది, ఎనిమిది వందల వరస సాహిత్యానిది, తొమ్మిది వందలది చరిత్ర, భూగోళం. ఈ గుట్టు తెలిసిన పిల్లలకు బీరువాల మధ్య తిరగడమే ఆటవుతుంది.

మీరు కూడా మీ కోసం ఒకటి తీసుకోండి. ఈ మాట తల్లులకు మరీ గట్టిగా చెప్పాలి. పిల్లలకు ఏది మంచిదో వెతకడంలోనే వాళ్ల అరగంట అయిపోతుంది. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్ల కోసం గురువారం ఎప్పుడొస్తుందా అని చూసినవాళ్లే ఇప్పుడు ‘నాకు చదివే టైమెక్కడిది’ అంటున్నారు. పెళ్లికి ముందు చదివి ఆగిపోయిన రచయిత్రి ఎవరో గుర్తుచేసుకుని ఆ పేరు అడగండి. ఇంటికొచ్చాక ఆ పుస్తకం పట్టుకుని కూర్చోండి. అమ్మ ఫోను పక్కన పెట్టి పేజీ తిప్పుతున్న దృశ్యం పిల్లలకు ఏ సలహా చెప్పలేనిది చెబుతుంది. నాన్నలకూ ఇదే మాట. ‘నువ్వు చదువుకో’ అని టీవీ ముందు కూర్చుంటే పిల్లలు వినేది టీవీనే.

అడిగిన పుస్తకం లేకపోతే నిరాశపడి వచ్చేయకండి. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు రాశారు. ప్రతి మనిషికీ తనకు కావలసిన పుస్తకం అందాలన్నది వాటిలో ఒకటి. అందకపోతే అడగడం మీ హక్కు. సూచనల పుస్తకం ఉందా అని అడగండి. లేకపోతే ఒక తెల్లకాగితం తీసుకుని లైబ్రేరియన్ పేరున రాసివ్వండి. పుస్తకం పేరు, రచయిత పేరు, తెలిస్తే ప్రచురణ సంస్థ పేరు రాసి, కింద సంతకం, తేదీ పెట్టండి. కావలసింది పిల్లల పుస్తకమైతే ఆ కాగితం పిల్లల చేతే తెలుగులో రాయించండి. అక్షర దోషాలుంటే ఉండనివ్వండి. నెల తర్వాత వెళ్లినప్పుడు ఆ కాగితం ఏమైందో వాళ్లనే అడగమనండి.